సమయం లేనివారు వదిలేయవచ్చు

మార్చి 3, సోమవారం

మా ఆఫీసు మేడమ్ పిలిచి పుస్తకం మళ్లీ వేద్దామన్నారు. కొత్త కూర్పు, కొత్త బొమ్మలు, కొత్త అట్ట. రాయాల్సింది మాత్రం పాత మనిషే, అంటే నేను.

ఆరేళ్ల కిందట నేను రాసిన చేతిపుస్తకం అది. ఈ మహానగరానికి వచ్చే సందర్శకులు ఎక్కడ ఏం కొనుక్కోవచ్చో చెబుతుంది. రైల్వే స్టేషన్లో, విమానాశ్రయంలో, హోటళ్ల గదుల్లో ఉచితంగా పడి ఉంటుంది. మా ఆవిడ ఒక హోటల్లో దాన్ని ఊగే బల్ల కాలి కింద చూసిందట. ఆ సంగతి నాకు చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందో ఆవిడకే తెలియాలి. బల్ల ఊగడం ఆగిందా అని అడిగాను. ఆగిందంది. ఉపయోగపడే పుస్తకం రాయడం అందరివల్లా కాదు.

సందర్శకుల సమాచార కార్యాలయంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఈ ఊళ్లో నాకు తెలియని కొట్టు లేదు. ప్రతి చోటికీ స్వయంగా వెళ్లే రాశాను. అంటే, వెళ్లవలసిన చోట్లకు వెళ్లాను. మిగతావాటికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తనివాటి గురించి ‘ప్రశాంత వాతావరణం’ అని రాశాను.

మార్చి 4, మంగళవారం

పాత పుస్తకం మొదటినుంచీ చదువుకున్నాను. నలభై ఏడో పేజీ దగ్గర కాస్త ఆగాను.

“పాత కప్పుబజారు: గాజుకప్పు కింద ముప్పై చిల్లర కొట్లు. సమయం లేనివారు వదిలేయవచ్చు.”

ఆ ముప్పైలో పద్నాలుగోది మా నాన్న గుండీల కొట్టు. నాన్న పోయాక చెల్లెలు నడుపుతోంది. నేను కాలేజీలో వ్యాసరచన పోటీలు గెలుస్తున్న రోజుల్లోనే తను చదువు మధ్యలో ఆపేసి ఆ స్టూలెక్కి కూర్చుంది. ఎవరి అభిరుచి వాళ్లది. సొంత చెల్లెలి కొట్టుందని ఆ బజారును పొగిడితే నలుగురూ ఏమనుకుంటారు? అందుకే ఒక మాట తగ్గించి రాశాను. నిష్పక్షపాతం అంటే అదే.

ఆ వాక్యం అచ్చయిన ఏడాదే చెల్లెలు నాతో మాట్లాడడం మానేసింది. ఆరేళ్లయింది. ఒక్క వాక్యం ఒక బజారును పడగొట్టి, తోబుట్టువును దూరం చేసిందంటే ఎంత బలమైన వాక్యమో. బాధగా ఉంది. రవ్వంత గర్వంగా కూడా ఉంది, అది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

ఆ ఏడాది అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. పుస్తకం అచ్చు, ఆఫీసు కొత్త భవనానికి మారడం, చెల్లెలి కళ్ల ఆపరేషన్. ఆసుపత్రికి ఆఫీసు డ్రైవర్ చేత పూలగుత్తి పంపాను. పెద్దదే.

మార్చి 5, బుధవారం

మేడమ్ అంటారు: ఇప్పుడెవరూ వస్తువులు కొనడం లేదు, అనుభవం కొంటున్నారు. పుస్తకంలో ‘వస్తువు’ అన్న చోటల్లా ‘అనుభవం’ అని మార్చమన్నారు. మార్చాను. “ఈ అంతస్తులో తోలు అనుభవాలు దొరుకును. సాగిపోయిన అనుభవాలను ఏడు రోజుల్లోగా మార్చుకోవచ్చు.” ఆవిడకు నచ్చింది.

మార్చి 8, శనివారం

ఈ రోజు నేనే సందర్శకుణ్నయ్యాను. మెడలో కెమెరా, చేతిలో నా పుస్తకం. ఇంట్లోంచి బయల్దేరుతుంటే మా ఆవిడ ఎక్కడికని అడగలేదు. టోపీ తిరగేసి పెట్టుకున్నానని మాత్రం చెప్పింది.

మొదట నదివైపున్న పెద్ద మాల్‌కు వెళ్లాను. తర్వాత రెండో మాల్. ఆ తర్వాత మూడోది. మూడోదాంట్లో మరుగుదొడ్డికి దారి ఎవరినీ అడగకుండానే వెళ్లిపోయాను, ఎందుకంటే మొదటిదాంట్లో ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉంది. అదే చెప్పుల కొట్టు పక్కన అదే అత్తర్ల కొట్టు, అవే బొమ్మలు తొడుక్కున్న అవే కోట్లు. నా పుస్తకంలో ఈ మూడింటినీ ‘దేనికదే సాటి’ అన్నాను. అది అబద్ధమనలేం.

సమాచార బల్ల దగ్గరున్న అమ్మాయిని ఈ ఊరికే ప్రత్యేకమైనది ఏదైనా కొనాలంటే ఎక్కడికి వెళ్లాలని అడిగాను. ఆ అమ్మాయి నా పుస్తకమే తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి.

తర్వాత పటం పట్టుకుని హస్తకళల వీధికి నడిచాను. పటం వేయించింది నేనే. దాని ప్రకారం రెండు మలుపులు తిరిగితే నాలుగో మాల్ వెనకాల చెత్తబండ్లు ఆగేచోట తేలాను. అక్కడ అప్పటికే ఒక జంట నిలబడి ఉంది. అరవై దాటినవాళ్లు. వాళ్ల చేతిలోనూ నా పుస్తకమే.

ఆ పెద్దాయన పుస్తకం నాకు చూపించి, “ఇది రాసినవాడు ఈ ఊరు ఎప్పుడైనా చూశాడంటారా?” అన్నాడు.

అచ్చుతప్పు అయ్యుంటుందన్నాను.

వాళ్లకు కావలసింది హస్తకళలు కాదు. ఆవిడ కోటు గుండీ ఒకటి రైల్లో తెగి పోయిందట. పొద్దుటినుంచీ తిరుగుతున్నారు. నూట ఇరవై పేజీల పుస్తకం, పదకొండు మాల్స్, నాలుగు వందల కొట్ల పేర్లు, కాని ఒక గుండీ దొరికే చోటు లేదు. కొత్త కోటు కొనుక్కోమని మూడుచోట్ల సలహా ఇచ్చారట. ఒకచోట గుండీలేని కోట్లే ఇప్పుడు ఫ్యాషన్ అన్నారట.

కప్పుబజారుకు దారి చెప్పాను. పద్నాలుగో కొట్టు అన్నాను. తోడు రమ్మన్నారు, పనుందన్నాను. ఆ తర్వాత వాళ్ల వెనకే వెళ్లి, బజారుకు ఎదురుగా ఉన్న బస్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాను. అదేం పని అంటే చెప్పలేను.

వాళ్లు బయటికి వచ్చారు. ఆవిడ కోటుకు గుండీ ఉంది. ఆయన ఆ గుండీని రెండుసార్లు ముట్టుకుని చూశాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లారు. నా పుస్తకాన్ని బజారు గుమ్మం దగ్గర చెత్తకుండీలో పడేశారు.

మార్చి 10, సోమవారం

నిర్ణయించుకున్నాను. చేసిన తప్పు దిద్దుకుంటాను. వాక్యంతో పోయింది వాక్యంతోనే రావాలి.

మార్చి 17, సోమవారం

కప్పుబజారు గురించి రెండు నిండు పేజీలు రాశాను. గాజుకప్పులోంచి పడే పొద్దుటెండ, మూడు వందల పన్నెండు సొరుగులు, ఒక్కో సొరుగు మీద లోపలున్న గుండీనే కుట్టిన అట్టముక్క, ఎటూ చూడకుండానే సరైన సొరుగు మీదికి వెళ్లే చెల్లెలి చేయి. మా నాన్న చేయి అలాగే వెళ్లేది. అది రాసి కొట్టేశాను. తర్వాత కొట్టివేతను కొట్టేశాను.

మేడమ్ ముందుగా ఆ బజారును పుస్తకంలోంచే తీసేద్దామన్నారు. నేను కుదరదన్నాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆవిడకు ఆ మాట చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపడి పేజీలు తీసుకుని చదివారు. చదివి కళ్లద్దాలు తీశారు. “ఇదేనండీ, ఇదే అనుభవం. దీన్ని అట్ట మీద వేద్దాం” అన్నారు.

నా కళ్లు చెమర్చాయి. ఏసీ గాలి వల్ల.

ఏప్రిల్ 9, బుధవారం

చెల్లెలి కొట్టుకు ఫొటోగ్రాఫర్‌ను పంపాను. నేను పంపానని చెప్పొద్దన్నాను. అరగంటసేపు ఆ కొట్లో నిలబడితే ఆమె ఒక్కటే మాట అందట, వెలుతురుకు అడ్డం నిలబడొద్దని. ఫొటో బాగా వచ్చింది. ముఖం లేదు. సొరుగుల గోడ, దాని మీద ఒక చేయి. ఆ చేతికి మా నాన్న వాచీ ఉంది. అది ఆమె దగ్గరుందని నాకు తెలియదు.

మే 14, బుధవారం

పుస్తకం వచ్చింది. చెల్లెలికి ఒక ప్రతి పంపాలా వద్దా అని ఆలోచించాను. వద్దు. దానంతటదే తెలియాలి. తెలిశాక తనే ఫోన్ చేస్తుంది.

మే 15

చేయలేదు.

మే 23

చేయలేదు. మా ఆవిడను మాటవరసకు అడిగాను, కప్పుబజారువైపు ఎవరైనా వెళ్తున్నారా అని. ఎవరెవరో వెళ్తున్నారు అంది. అనడంలో ఏదో ఉంది కాని అడగలేదు.

జూన్ 7, శనివారం

వెళ్లి చూశాను. బయటినుంచే.

జనం. నా జన్మలో ఆ బజారులో అంత జనాన్ని చూడలేదు. అందరి చేతుల్లో నా పుస్తకం. పద్నాలుగో కొట్టు ముందు వరుస కట్టారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, సొరుగుల గోడకు చేయి ఆనించి, అట్ట మీది భంగిమలో ఫొటో తీసుకుని వచ్చేస్తున్నారు. కొందరు ఖాళీ చేతికి వాచీ కూడా తెచ్చుకున్నారు. ఒకావిడ పక్కనున్నామెకు నా రెండో పేజీని గట్టిగా చదివి వినిపిస్తోంది. ‘పొద్దుటెండ’ దగ్గర తల పైకెత్తింది. అప్పుడు మధ్యాహ్నం. అయినా తల ఊపింది. నా వాక్యాలు కాళ్లొచ్చి నడుస్తున్నాయనిపించింది.

గొడుగులు బాగుచేసే ముసలాయన ఇప్పుడు గుప్పెట్లో పట్టే కాగితపు గొడుగులు అమ్ముతున్నాడు. తాళంచెవుల ఆయన స్థలంలో ‘జ్ఞాపికలు’ అని బోర్డు. ఆ జ్ఞాపికల్లో కప్పుబజారు బొమ్మ ఉంది, లోపల దీపం వెలుగుతుంది. చెల్లెలి కొట్టుకు ‘ఫొటోలు తీయరాదు’ అని చేత్తో రాసిన అట్ట వేలాడుతోంది. దానికి ఎక్కువ ఫొటోలు తీస్తున్నారు.

వరుస పక్కన కొలతపట్టీ మెడలో వేసుకున్న ఒకాయన, చేతిలో సగం కుట్టిన చొక్కా పట్టుకుని నిలబడి ఉన్నాడు. దర్జీ. పావుగంట చూసి వెళ్లిపోయాడు. ఓపిక లేని మనుషులు.

జనంలో ఆమె తల పైభాగం మాత్రం కనిపించింది. జుట్టు నెరిసింది. లోపలికి వెళ్లలేదు. వ్యాపారం జోరుగా ఉన్నప్పుడు అడ్డం పడకూడదు.

జులై 2, బుధవారం

కప్పుబజారు యజమాని కొడుకు ఆఫీసుకు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. పెద్ద మిఠాయి పెట్టె తెచ్చాడు. నన్ను కౌగిలించుకున్నాడు. నా రెండు పేజీలు వాళ్ల నాన్నకు చదివి వినిపించాడట. మా బజారు ఇంత గొప్పదని మీరు రాసేదాకా మాకే తెలియదు సార్ అన్నాడు.

పునరుద్ధరణ చేస్తున్నారట. గాజుకప్పు మారుస్తారు, పేరు మారుస్తారు, కొట్లు మారుస్తారు. మిగతా అంతా అలాగే ఉంచుతారు. పద్నాలుగో నంబరు సంగతి అడిగాను, గొంతు మామూలుగానే పెట్టి.

“అది కాఫీ హోటల్ చేస్తున్నాం సార్. ఆ గుండీలావిడ అద్దె ఒప్పందం ఆగస్టుతో అయిపోతుంది, పొడిగించడం లేదు. సొరుగులు మాత్రం కదపం. అవి గోడకు దిగేసినవి, మావే. మీరు రాసినట్టే ఉంచుతాం. చెంచాలూ చక్కెరా వాటిలోనే పెడతాం.”

మిఠాయి తీసుకోమన్నాడు. తీసుకున్నాను. తిన్నాను కూడా. బాగుంది. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

జులై 3

ఆఫీసుకు వెళ్లలేదు. జలుబు.

జులై 4

జలుబు లేదు.

జులై 5, శనివారం

పొద్దున్నే, బజారు తలుపులు పూర్తిగా తీయకముందే వెళ్లాను. చెల్లెలు గుండీలను సొరుగుల్లోంచి తీసి పాత డబ్బాల్లో పోస్తోంది. నన్ను చూసింది. స్టూలు మీదున్న డబ్బా కిందపెట్టింది. కూర్చోమని అర్థం కావచ్చు. కూర్చున్నాను.

దారిలో తయారుచేసుకున్నదంతా చెప్పాను. ఆరేళ్ల కిందటి ఆ వాక్యం నన్ను ఎలా తిన్నదో, దాన్ని సరిదిద్దాలనే ఇప్పుడు ఇదంతా రాశాననీ, ఇలా అవుతుందనుకోలేదనీ. ఆమె మధ్యలో ఆపింది.

“ఏ వాక్యం?”

నలభై ఏడో పేజీలోది అన్నాను. ఒప్పజెప్పాను కూడా. ‘సమయం లేనివారు వదిలేయవచ్చు.’

ఆమె నావైపు చూసి, ఆ తర్వాత నవ్వింది. కళ్లు తుడుచుకుని మరీ నవ్వింది. “నేను నీ పుస్తకం ఎప్పుడూ చదవలేదు అన్నయ్యా. వదిలేయమన్నావా? వదిలేశారు మరి. హాయిగా ఉండేది. ఈ కొట్టుకు ఊరు చూడ్డానికొచ్చేవాళ్లు ఎప్పుడొచ్చారని? దర్జీలతో నడిచింది ఇది. ఇప్పుడు దర్జీలు లోపలికి రాలేకపోతున్నారు.”

ఆరేళ్లు మోసిన బరువు దించితే తేలిగ్గా ఉండాలి కదా. ఎవరో జేబు కొట్టేసినట్టు అనిపించింది.

మరి ఆరేళ్లు నాతో ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

ఆమె డబ్బాకు మూత పెట్టింది. సరిగా పడలేదు. తీసి మళ్లీ పెట్టింది.

“రెండు కళ్లకీ కట్టు కట్టి ఎనిమిది రోజులు పడుకోబెట్టారు. చూపు వస్తుందో రాదో చెప్పలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా నువ్వే వచ్చావనుకునేదాన్ని. నాలుగో రోజు పూలు తెచ్చి పెట్టారు. కళ్లకు కట్టుంటే పూలేం చేసుకోను? కార్డు మీద ఏముందో ఆ డ్రైవరే చదివి వినిపించాడు. ‘కార్యాలయం తరఫున శుభాకాంక్షలతో’ అని.”

పుస్తకం అచ్చులో ఉండిందన్నాను. అన్నాక, ఆ మాట ఆ కొట్లో ఎలా వినిపించిందో నాకే తెలిసింది.

“వదిన రోజూ వచ్చింది. ఇప్పటికీ నెలనెలా వస్తుంది. నీ చొక్కాలకు గుండీలు ఎక్కడినుంచి వస్తున్నాయనుకున్నావు?”

నా చొక్కా చూసుకున్నాను. ఏడు గుండీలు. అన్నీ ఉన్నాయి.

జులై 7, సోమవారం

మేడమ్‌ను అడిగాను, పుస్తకం వెనక్కి తీసుకుందామని. ఆవిడ నా ఆరోగ్యం గురించి అడిగారు. రెండో ముద్రణ అప్పుడే ప్రెస్‌కు వెళ్లిందట. పైగా నాకు కొత్త హోదా వస్తోంది: ‘నగర అనుభవ సంపాదకుడు’. గది కూడా మారుతుంది, కిటికీ ఉంటుంది. ఆ కొట్టు తీసేయొద్దని యజమాని కొడుక్కి మూడు పేజీల ఉత్తరం రాశాను. అందులోంచి ఒక వాక్యం తీసి కాఫీ హోటల్ గోడ మీద రాయించుకోవచ్చా అని జవాబు వచ్చింది.

జులై 8

రాజీనామా రాశాను. చాలా బాగా వచ్చింది. ఇవ్వలేదు.

జులై 9

మా ఆవిడకు చెప్పాను, నాకు అంతా తెలిసిందని. “ఏం తెలిసింది?” అంది. ఆరేళ్లుగా నువ్వు అక్కడికి వెళ్తున్నావని అన్నాను. “దాచలేదండీ. మీరు అడగలేదు” అంది. ఆ తర్వాత రెండోసారి అన్నం వడ్డించింది. అరుస్తానని అనుకుందో, జాలిపడిందో. రెండోదే అయ్యుంటుంది.

ఆగస్టు 23, శనివారం

చెల్లెలికి దర్జీల వీధిలో చోటు దొరికింది. కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద, మేడ మీద ఒక గది. మెట్లు నిటారుగా ఉంటాయి. రోడ్డు మీదికి ఏమీ కనిపించదు. వెతికింది మా ఆవిడ. నేను మోశాను.

మూడు వందల పన్నెండు సొరుగుల గుండీలు మూడు వందల పన్నెండు డబ్బాల్లోకి, సీసాల్లోకి, మూతలేని గ్లాసుల్లోకి వచ్చాయి. పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. పదకొండో విడతలో మెట్ల మీద ఆగి ఊపిరి తీసుకుంటుంటే కింద మిషన్ల షాపాయన కుర్చీ వేశాడు. ఏం చేస్తుంటారని అడిగాడు. ఆఫీసు ఉద్యోగం అన్నాను. చూస్తేనే తెలుస్తోంది అన్నాడు.

సొరుగుల గోడ అక్కడే ఉండిపోయింది. వచ్చేముందు చెల్లెలు దాన్ని తడిబట్టతో తుడిచింది. ఎలాగూ వాళ్లదే కదా, ఎందుకన్నాను. ఆమె బట్టను మళ్లీ తడిపింది. పైవరుస అందడం లేదు, నేను తుడిచాను.

ఆగస్టు 27, బుధవారం

మేడమ్ దగ్గరికి ఆ గుండీలావిడ కొత్త చోటు గురించి కబురు చేరింది. ‘రహస్య అనుభవాలు’ అని కొత్త అధ్యాయం పెడదామని, వెళ్లి రెండు పేజీలు రాసుకురమ్మని అన్నారు. “వెళ్లాను, కొట్టు దొరకలేదు” అన్నాను. ఇన్నేళ్లలో నేను ఆఫీసులో చెప్పిన అబద్ధాలన్నీ అచ్చులో ఉన్నాయి. నోటితో చెప్పింది ఇదే మొదటిది.

చెల్లెలికి చెప్పలేదు. చెబితే ఏదో ఘనకార్యం చేసినట్టుంటుంది. చెప్పాలని మాత్రం చాలా ఉంది.

సెప్టెంబర్ 6, శనివారం

పొద్దున కొట్టుకు వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. చెల్లెలు నాకు ఒక మూల చూపించి, మూడు గ్లాసుల తెల్ల గుండీలు కలిసిపోయాయి, వేరు చేయమంది. పది నిమిషాల పని అనుకున్నాను.

పదకొండింటికి ఒక దర్జీ మెట్లెక్కి వచ్చాడు. జూన్‌లో వరుస పక్కన నిలబడి వెళ్లిపోయినాయనే. నన్ను గుర్తుపట్టలేదు, గుర్తుపట్టడానికి నేను ఆయనకు ఎవరినీ కాను. తెల్ల చొక్కా ఒకటి బల్ల మీద పరిచాడు. మూడో గుండీ లేదు. చెల్లెలు నన్ను చూసి, “అన్నయ్యా, నువ్వు చూడు” అంది.

ఒకటి తీసి పెట్టాను. దర్జీ తల అడ్డంగా ఊపాడు. అది పాలతెలుపట. ఇంకోటి పెట్టాను. అది నీలం కలిసిన తెలుపు, ఎండలో తేలిపోతుందన్నాడు. మూడోది కాస్త మందం. నాలుగోదానికి ఆయన మర్యాదకు, “ఇంచుమించు సరిపోతుందండీ” అన్నాడు.

“ఇంచుమించు అంటే కాదని” అంది చెల్లెలు, తల ఎత్తకుండానే. “కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడు. తొందరేం లేదు.”

తీసుకెళ్లాను. అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టాను. వాటిని వర్ణించడానికి ఒక్క మాటా తోచలేదు. ఇది చొక్కాలాగే ఉంది, ఇది లేదు, అంతవరకే తెలుస్తోంది. తొమ్మిదోదాన్ని దర్జీ చొక్కా మీద పెట్టి చాలాసేపు చూశాడు. సూదిలో దారం ఎక్కించాడు. చెల్లెలు అప్పుడు లేచి వచ్చి, బొటనవేలితో ఆ గుండీని తడిమి, వెళ్లి కూర్చుంది.

మధ్యాహ్నం వచ్చేస్తుంటే, సోమవారం దర్జీలు ఎనిమిదింటికే వస్తారని చెప్పింది. చెప్పి డబ్బాలవైపు తిరిగింది. సోమవారం నా కొత్త గదిలో ప్రారంభోత్సవం. మేడమ్ రిబ్బను కూడా తెప్పించారు.

ఇంటికి రాగానే సెలవు కాగితం రాశాను. కారణం అన్న చోట చాలాసేపు ఆగాను. కుటుంబ బాధ్యతలు, అనివార్య పరిస్థితులు, వ్యక్తిగత అవసరం. ఇలాంటివి నా దగ్గర సొరుగుల నిండా ఉన్నాయి. అవేవీ రాయలేదు.

‘చెల్లెలి దగ్గరికి వెళ్లాలి’ అని రాసి సంతకం పెట్టాను.